తొలి చేప రెక్క

పెళ్లయి నాలుగు రోజులైంది. జీపు బానెట్ మీద నిలువునా బిగించిన రెండు గాలం కర్రలూ ప్రతి లావా గడ్డకీ తలలూపుతుంటే హెర్డిస్‌కి నవ్వాగడం లేదు. ఎండుచేప ముక్కకి వెన్న రాసి, బండి నడుపుతున్న మొగుడి నోట్లో పెట్టింది. స్టైనార్ ఆమె వేలు కూడా కొరికాడు.

"పొద్దుట నీ గాలానికి మూడు సాల్మన్ చేపలు తగిలాయి, మూడూ పోయాయి," అన్నాడు. "చేపని కాసేపు పరిగెత్తనివ్వాలి తల్లీ! నువ్వేమో గొర్రెని కొట్టంలోకి ఈడ్చినట్టు ఈడుస్తావు."

"ఈసారి పడుతుంది, చూడు."

"పడితే రెక్క కొరకాలి. జీవితంలో తొలి సాల్మన్ పట్టినవాళ్లు దాని వీపు మీది బుల్లి రెక్కని పచ్చిగా కొరికి మింగాల్సిందే. సాకులు చెల్లవు."

"ఛీ! పెళ్లికి ముందు చెప్పొద్దూ!"

నల్ల బూడిద మైదానం దాటేసరికి ఏరు అడ్డొచ్చింది. వంతెన లేదు. రోజంతా కాసిన ఎండకి కొండల మీది మంచు కరిగి, బురద నీరు రంకెలు వేస్తోంది. బండి దించేముందు ఎవరో ఒకరు నడుముకి తాడు కట్టుకుని నడిచి లోతు చూడాలి.

"తాడేదీ?" అంది హెర్డిస్.

"మీ పిన్ని ఇచ్చిన గొర్రెతోళ్ల కింద ఉంది. అవన్నీ ఎవడు దించుతాడు? మోకాలి లోతే!" అంటూ దిగిపోయాడు.

సగం దూరం వెళ్లాడో లేదో, కొట్టుకొచ్చిన మంచుగడ్డ అతని మోకాలిని విరగ్గొట్టినట్టు తాకింది. పడ్డాడు. తొడల దాకా తొడిగిన రబ్బరు బూట్లలో నీళ్లు నిండాయి. ఏరు అతన్ని ఒక బండకేసి కొట్టింది, ఇంకో బండకేసి కొట్టింది. నీళ్ల మీద నెత్తురు తేలింది.

హెర్డిస్ బానెట్ మీది గాలం కర్ర ఒకటి పీకి, ఒడ్డు వెంట పరిగెత్తుతూ విసిరింది. తప్పింది. మళ్లీ విసిరింది. ఈకలు చుట్టిన గాలం అతని చెవిని చీల్చుకుంటూ పోయి, ఉన్ని స్వెట్టర్ మెడలో దిగబడింది. కర్రకున్న దారం చక్రం కీచుమంటూ తిరిగింది.

లాగెయ్యాలని చేతులు తహతహలాడాయి. లాగితే దారం పుటుక్కుమంటుంది. పళ్లు బిగించి దారాన్ని పరిగెత్తనిచ్చింది. పడింది, మోకాళ్లు చీరుకుపోయాయి, లేచింది. దారాన్ని ఏటవాలుగా బిగించి పట్టుకుంటే, ఏరే అతన్ని కొంచెం కొంచెంగా ఒడ్డువైపు తోసింది. వడి తగ్గిన మడుగులోకి రాగానే దూకి, మెడ పట్టి ఈడ్చింది.

ఊపిరి లేదు. రొమ్ము మీద గుద్దింది. బోర్లా తిప్పి వీపు మీద గుద్దింది. మళ్లీ వెల్లకిలా తిప్పి చెంపలు వాయించింది.

"లే! లేరా దొంగా!"

చలనం లేదు. చీలిన చెవి ముక్క ఎర్రగా వేలాడుతోంది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా, వంగి దాన్ని కసిగా కొరికింది.

స్టైనార్ కెవ్వుమన్నాడు. కడుపులోని ఏరంతా కక్కాడు.

"చెవి... కొరికావే... రాక్షసీ!"

"నా తొలి చేపవి," అంది, పెదాల మీది నెత్తురు తుడుచుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ. "సాకులు చెల్లవు."

జీపు దగ్గరికి పరిగెత్తి, గొర్రెతోళ్లన్నీ తెచ్చి అతని మీద కప్పింది. అడుగున దొరికిన తాడు కూడా తెచ్చింది. దాంతో అతని వీపు మీద ఒక్కటేసింది.