లిస్టులో ఒక్క పేరు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ సాయంత్రం నాలుగున్నరకి కంప్యూటర్ 'ఈ పనికి మీకు అనుమతి లేదు' అనేసరికి ఒళ్ళు మండిపోయింది.

పలాసలో మా డయాలసిస్ కేంద్రానికి ఉద్దానం ఊళ్ళ నుంచి మనుషులు వస్తారు. మర్నాడు రావలసిన వాళ్ళ ఫోన్లకి రోజూ సాయంత్రం ఐదింటికి దానంతటదే మెసేజ్ వెళ్తుంది, పొద్దున్న ఆరింటికి రమ్మని. లినక్స్ కంప్యూటర్‌లో ఆ ఏర్పాటు చేసింది నేనే. రేపు మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదని అప్పుడే కబురొచ్చింది; ఆ మెసేజ్ ఆపబోతేనే కంప్యూటర్ నన్ను అడ్డుకుంది. ఇక పాత మెసేజే వెళ్తే సంతబొమ్మాళి నుంచీ పూండి నుంచీ కాళ్ళు వాచినవాళ్ళు చీకటితో బయల్దేరి, ఒంటిగంట దాకా మా వరండాలో పడుండాలి. వాళ్ళలో మా నాన్న పోలయ్య ఒకడు.

కంప్యూటర్లు చూసే మహీధర్ గారికి ఫోన్ చేశాను.

"నన్నెందుకు తీసీసినారు సార్?"

"నిన్నెవలు తీసినారమ్మా! పెద్ద నర్సు ఉమ గారి పేరు అనుమతి లిస్టులో రాసినాను, గౌరవంగా ఉంటాదని. అంతే."

"ఇంతకుముందు ఆ లిస్టులో ఎవలున్నారు?"

"లిస్టే లేదు..." అంటుండగానే ఆయనకీ అర్థమైంది. లిస్టు లేనన్నాళ్ళూ మా కంప్యూటర్‌లో ఇలా వేళకి జరిగే పనులు పెట్టడానికీ మార్చడానికీ అందరికీ అనుమతే. ఒక్క పేరు రాయగానే మిగతావాళ్ళంతా బయటే. ఆయనే వచ్చి సరిచేద్దామంటే, ఎక్కిన రైలేమో సుమ్మాదేవి స్టేషన్‌లో ఆగిపోయి ఉంది.

పక్కనే వింటున్న ఉమక్క ఆ కంప్యూటర్‌ని ఏనాడూ ముట్టుకోలేదు. "మా ఊల్లో పెల్లికి అందరూ వత్తారు. ఒక్కలికే బొట్టెట్టి పిలిత్తే మిగతావోలు గడప దాటరు," అంది.

నవ్వొచ్చింది గానీ ఐదుకి పది నిమిషాలే ఉంది. మెసేజ్ వెళ్ళే వేళని నేను మార్చలేను, ఆపలేను. అప్పుడు తట్టింది. మెసేజ్‌లోని మాటలు వేరే ఫైల్లో ఉన్నాయి, ఆ ఫైలు నాది. పొద్దున్న ఆరు కొట్టేసి మధ్యాహ్నం ఒంటిగంట అని రాశాను.

ఐదు దాటాక నాన్న ఫోన్ చేశాడు. "రేపు మజ్జాన్నమంట గదమ్మా? అయితే తెల్లారిందాకా పడుకుంటాను." నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మహీధర్ గారు తలొంచుకుని వచ్చారు. "నీ పేరు కూడా రాసెత్తానమ్మా."

రాయించుకోవాలని నాకూ ఉంది, అబద్ధమెందుకు!

"వద్దు సార్. ఆ లిస్టే తీసియ్యండి. నా కుర్సీలో రేపు ఎవలు కూకున్నా దాన్ని మార్చగలగాల. ఆ మెసేజ్ మా నాన్నకే గదా ఎల్తాది."