ఏడో వికెట్ తర్వాత

శనివారం రెండున్నరకి మాంచెస్టర్‌లో ఎండ కాసింది. పొద్దున్నుంచీ గొడుగుల కింద ముడుచుకు కూర్చున్న జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెవిలియన్ మెట్ల మీద నిలబడ్డ హ్యూబర్ట్ ఆస్ట్లీ మాత్రం కొట్టలేదు. ఇంగ్లండ్‌కి కెప్టెన్ అయ్యాక అతనికిది మూడో టెస్టు. మొదటిది ఓడిపోయారు, రెండోది తేలకుండా పోయింది. ఇప్పుడు కూడా ఓడితే తనకి మళ్లీ కబురు రాదని అతనికి తెలుసు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. కళ్లు మాత్రం ఆకాశాన్ని వదల్లేదు.

ముందు రాత్రంతా పిచ్ మీద వాన కురిసింది. ఆట మొదలయ్యాక పిచ్‌ని కప్పే పద్ధతి ఆ రోజుల్లో లేదు. కురిసిన నీళ్లన్నీ నేల తాగాల్సిందే. అలా నానిన పిచ్ మీద ఎండ పడితే పైన పెచ్చు కడుతుంది, అడుగున మెత్తమెత్తగానే ఉంటుంది. దాని మీద ఒక బంతి గొంతు మీదికి లేస్తుంది, ఇంకొకటి జిగురులో పడ్డట్టు ఆగి ఆగి వస్తుంది. అలాంటి చోట ఎంతటి ఆటగాడైనా గుడ్డివాడైపోతాడు.

ఇంగ్లండ్ శుక్రవారం సాయంత్రానికే నూట డెబ్భై ఒక్క పరుగులకి అయిపోయింది. ఇప్పుడు ఆడాల్సింది ఆస్ట్రేలియా.

"ఆర్మరాడ్, స్టేషన్ వైపు కొస నుంచి నువ్వు మొదలుపెట్టు" అన్నాడు ఆస్ట్లీ.

"అలాగే కెప్టెన్‌గారూ" అన్నాడు సెత్ ఆర్మరాడ్, చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఆర్మరాడ్‌కి ముప్ఫై తొమ్మిదేళ్లు. ఎడమచేత్తో నెమ్మదిగా బంతి తిప్పుతాడు. అక్కడికి గంట ప్రయాణంలో ఉన్న నేతమిల్లుల ఊరు అతనిది. కౌంటీ జట్టుకి ఆడటమే అతని ఉద్యోగం, అదే తిండి. ఉన్న మంచి వయసులో ఆరేళ్లు యుద్ధం పట్టుకుపోయింది. ఇంతకుముందు టెస్టుకి ఒక్కసారి పిలిచారు. అప్పుడు పిచ్ బండరాయిలా ఉంటే నలభై ఓవర్లు వేసి ఒక్క వికెట్‌తో ఇంటికెళ్లాడు. ఆస్ట్లీ అలాంటివాడు కాదు. దక్షిణాదిలో ఒక బడిలో చరిత్ర చెప్పే పంతులు, కలిగినింటి బిడ్డ, సరదాకి ఆడేవాడు. ఇద్దరూ ఒకే జట్టయినా మైదానంలోకి వచ్చే తలుపులు వేరు. వయసులో ఎనిమిదేళ్లు పెద్దవాణ్ణి 'నువ్వు' అంటున్నప్పుడల్లా ఆస్ట్లీకి లోపల ఏదో గుచ్చుకునేది. అయినా అది అలవాటైపోయింది.

ఆ మధ్యాహ్నం ఆర్మరాడ్ వేసిన బంతులు చూసినవాళ్లు తమ మనవలకి కూడా చెప్పుకుని ఉంటారు. రెండో ఓవర్లోనే మొదటి వికెట్. తర్వాత వరసగా. బంతి ఒకడి బొటనవేలికి తగిలి గాల్లోకి లేచింది. ఇంకొకడు అడుగు ముందుకేసి కొట్టబోతే బంతి ఆగిపోయింది, వాడి బ్యాటు మాత్రం ముందే వెళ్లిపోయింది. టీ వేళకి ఆస్ట్రేలియా ఆరు వికెట్లకి అరవై ఒకటి. ఆరింట్లో అయిదు ఆర్మరాడ్‌వే.

"ఒరేయ్ సెత్, కాస్త నెమ్మదిరా నాయనా! ఇంత తొందరగా అవగొడితే జనం టిక్కెట్ డబ్బులు వెనక్కిమ్మంటారు" అన్నాడు వికెట్‌కీపర్ విల్ఫ్ గ్రిమ్‌షా, వాచిన అరచేతులు చల్లనీళ్లలో ముంచుతూ.

"ఇరవై ఏళ్లు ఆగానురా ఈ పిచ్ కోసం. ఇంకా నెమ్మదేంటి?" అన్నాడు ఆర్మరాడ్. నవ్వితే అతని మొహం కుర్రాడి మొహంలా ఉంటుందని గ్రిమ్‌షాకి కూడా అప్పుడే తెలిసింది.

పక్కగదిలో ఆస్ట్లీ టీ ముట్టలేదు. గోడ గడియారం వైపు చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆట ఆరున్నర దాకా ఉంది. ఇదే ఊపున పోతే అయిదింటికల్లా ఆస్ట్రేలియా అయిపోతుంది. అప్పుడు ఇదే పిచ్ మీద, గంటకి పైగా, తన వాళ్లు బ్యాటు పట్టాలి. నలుగురైదుగురు పోతారు. మ్యాచే పోవచ్చు. అలా కాకుండా ఆస్ట్రేలియా ఈ సాయంత్రమంతా ఏడుస్తూనే ఆడుతూ ఉంటే? రేపు ఆదివారం, ఆట లేదు. రోజంతా ఎండ కాస్తే పిచ్ గట్టిపడుతుంది. సోమవారం తాము హాయిగా ఆడుకోవచ్చు.

ఎండ కాస్తేనే. యుద్ధంలో తనతో పనిచేసినవాడొకడు ఇప్పుడొక విమానాశ్రయంలో వాతావరణం చూస్తాడు. ఆస్ట్లీ పరుగున వెళ్లి అతనికి ఫోన్ చేశాడు.

"ఆది, సోమ రెండ్రోజులూ పొడే. నా మాట నమ్ము. టోపీ లేకుండా బయటికి రాకు" అని నవ్వాడు అవతలివాడు.

టీ తర్వాత మూడో ఓవర్లో ఏడో వికెట్ పడింది. స్లిప్‌లో ఆస్ట్లీ చేతికే వచ్చింది క్యాచ్. ఆర్మరాడ్‌కి అది ఆరోది. అరవై ఎనిమిదికి ఏడు. కొత్త బ్యాట్స్‌మన్ వచ్చేలోపు ఆస్ట్లీ బంతి తీసుకుని నేరుగా అతని దగ్గరికి నడిచాడు.

"బాగా వేస్తున్నావు. ఇహ చాలు."

"చాలేంటండీ? బౌలింగ్ మారుస్తారా?"

"లేదు. నువ్వే వెయ్యాలి. కానీ వికెట్లు తియ్యకు." గొంతు తగ్గించాడు. "ఆఫ్‌స్టంప్‌కి అవతలగా వెయ్యి. వాళ్లని ఆరున్నర దాకా ఉండనివ్వు. మనం సోమవారం ఆడాలి, ఇవాళ కాదు."

ఆర్మరాడ్ బంతి అందుకుని వేళ్ల మధ్య ఒకసారి తిప్పాడు.

"ఇంకా మూడున్నాయండీ" అన్నాడు.

"తెలుసు."

"ఆ మూడూ నావే. మీక్కూడా కనిపిస్తూనే ఉంది కదా."

"మ్యాచ్ గెలవాలా వద్దా ఆర్మరాడ్?"

"గెలవాలండీ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతను ఆస్ట్లీ వైపు చూడలేదు.

తర్వాతి నాలుగు ఓవర్లూ చెప్పినట్టే వేశాడు. దూరంగా పడ్డ బంతుల్ని కొత్తగా వచ్చిన గారటీ అనే ఫాస్ట్ బౌలర్ వింతగా చూస్తూ వదిలేశాడు. అవతలి వైపు బౌలర్‌కీ అదే మాట అందింది. వికెట్ వెనక గ్రిమ్‌షా, "ఏరా, చెయ్యి నొప్పెట్టిందా? ఇంట్లో ఏమైనా కబురొచ్చిందా?" అని అరిచాడు. జనంలోంచి ఎవడో, "ఆర్మరాడ్! స్టంపులు ఇటున్నాయిరా బాబూ!" అన్నాడు. ఆర్మరాడ్ మెడ ఎర్రబడటం స్లిప్‌లోంచి ఆస్ట్లీకి స్పష్టంగా కనిపించింది.

అయిదో ఓవర్లో ఆర్మరాడ్ తట్టుకోలేకపోయాడు. నాలుగో బంతి నిఖార్సుగా వేశాడు. గాల్లో కాస్త ఆగి, గారటీ కాళ్ల ముందు పడి, చటుక్కున పక్కకి తిరిగి లేచింది. బ్యాటు అంచు తాకి స్లిప్‌లోకి, సరిగ్గా ఆస్ట్లీ నడుము ఎత్తున వచ్చింది. బడిలో పిల్లలు కూడా పట్టే క్యాచ్ అది. బంతి అతని రెండు అరచేతుల మధ్యకే వచ్చింది. మరుక్షణం గడ్డి మీద ఉంది.

మైదానం మొత్తం "అయ్యో!" అంది. ఆర్మరాడ్ అనలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని, ఆస్ట్లీని తలనుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, వెనక్కి తిరిగాడు.

ఆస్ట్లీ వంగి బంతి తీశాడు. జారిందా, తనే వేళ్లు వదులు చేశాడా? ఒక్క క్షణం ముందు జరిగినదాన్ని మళ్లీ గుర్తుచేసుకోబోయాడు. బంతి చర్మం తగిలిన స్పర్శ గుర్తుంది, ఆ తర్వాతిది లేదు.

ఇదంతా చూసినవాడు ఇంకొకడున్నాడు. ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రానక్ గొర్రెల పెంపకంలో పెరిగి, ఆకాశం వైపు చూసి బతకడం నేర్చుకున్న మనిషి. పెవిలియన్ బాల్కనీలో అరగంటగా కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నాడు. క్యాచ్ నేల పడగానే లేచి నిలబడి, రెండు చేతులూ ఊపి తన వాళ్లని వెనక్కి రమ్మన్నాడు. డెబ్భై తొమ్మిదికి ఏడు వికెట్లు, డిక్లేర్!

దారిలో ఎదురుపడి ఆస్ట్లీతో అన్నాడు: "మీ వాళ్ల చేతులు అలసిపోయినట్టున్నాయి మిత్రమా. కాస్త బ్యాటు పట్టుకోండి, హుషారొస్తుంది."

అప్పటికి అయిదూ ఇరవై అయిదు. ఇన్నింగ్స్ మధ్య పది నిమిషాలు పోతే ఇంకా యాభై అయిదు నిమిషాలు. తప్పించుకోవాలనుకున్న పిచ్ మీదికే తన వాళ్లని తానే తోసినట్టయింది. ఆస్ట్లీ గదిలోకి వచ్చి ఎవరి మొహమూ చూడలేదు. అసలు ఓపెనర్లు కాళ్లకి ప్యాడ్లు కట్టుకుంటుంటే, వద్దన్నాడు. మంచి బ్యాట్స్‌మన్‌లని సోమవారానికి దాచాలి. రెండో తలుపు తట్టి, జీతానికి ఆడే ప్రొఫెషనల్స్ గదిలోకి వెళ్లాడు.

"గ్రిమ్‌షా, ఆర్మరాడ్. మీరిద్దరూ మొదట వెళ్లండి."

ఆర్మరాడ్ ఎప్పుడూ పదకొండోవాడిగా వెళ్లేవాడు. బ్యాటింగ్‌లో అతని గురించి అందరికీ తెలిసింది ఒకటే: నవ్వుకోవడానికి బాగుంటుంది.

"నేనాండీ?" అన్నాడు.

"ఆ పిచ్ ఏం చేస్తుందో నీకంటే బాగా ఎవరికీ తెలీదు."

"వేసేవాడికి తెలిస్తే ఆడేవాడికి తెలిసినట్టేనా?" అన్నాడు గ్రిమ్‌షా కాస్త కటువుగానే. ఆర్మరాడ్ మాత్రం వంగి ప్యాడ్లు అందుకున్నాడు.

ఆ యాభై అయిదు నిమిషాలూ ఆస్ట్లీ కూర్చోలేకపోయాడు. ప్రతి బంతికీ కిటికీ దగ్గరికి వెళ్తున్నాడు, చూడలేక తిరిగొస్తున్నాడు. గ్రిమ్‌షా ఇరవై నిమిషాల్లో అవుటయ్యాడు. తర్వాత పంపిన బౌలర్ పది నిమిషాలు కూడా నిలవలేదు. ఆర్మరాడ్ మాత్రం కదల్లేదు. పరుగుల జోలికి పోలేదు. వచ్చిన బంతికి ఛాతీ ఇచ్చాడు, భుజం ఇచ్చాడు, మోచెయ్యి ఇచ్చాడు. ఆరుంబావుకి గారటీ వేసిన బంతి మంచి లెంగ్త్‌లో పడి నిలువునా లేచి ఎడమచేతి మీద తగిలింది. ఆ చప్పుడు పెవిలియన్ దాకా వినిపించింది. అతను గ్లవ్ విప్పి చూసుకున్నాడు, మళ్లీ తొడుక్కున్నాడు. ఆరున్నరకి స్కోరు రెండు వికెట్లకి పంతొమ్మిది. అందులో అతనివి నాలుగు.

లోపలికొస్తుంటే జనం లేచి నిలబడ్డారు. మెట్ల దగ్గర ఆస్ట్లీ చెయ్యి చాచాడు. "క్షమించండి, ఈ చెయ్యి పనికిరాదిప్పుడు" అని, ఆర్మరాడ్ కుడిచేత్తో బ్యాటు పట్టుకుని పక్కనుంచి వెళ్లిపోయాడు. చూపుడువేలు రెండుచోట్ల విరిగిందని డాక్టర్ చెప్పాడు. బంతి తిప్పే వేలు అదే.

ఆదివారం పొద్దున్న ఆస్ట్లీ హోటల్ కిటికీ తెర తీసేసరికి పడమటి వైపు నల్లగా ఉంది. పదకొండింటికి చినుకులు మొదలయ్యాయి. సోమవారం కురుస్తూనే ఉంది. మంగళవారం మధ్యాహ్నం అంపైర్లు మోకాలి బూట్లతో లోపలికి నడిచి, బయటికి వచ్చి, మ్యాచ్ అయిపోయిందన్నారు. ఎవరూ గెలవలేదు. రెండ్రోజుల్లో ఒక్క బంతి పడలేదు. పత్రికలు ఆస్ట్లీ ఉపాయాన్ని మెచ్చుకున్నాయి కూడా: పెద్ద బ్యాట్స్‌మన్‌లని కాపాడుకున్నాడట.

లండన్‌లో తర్వాతి టెస్టుకి ఆర్మరాడ్ లేడు. ఆస్ట్లీ స్లిప్‌లో నిలబడకుండా దూరంగా మిడాఫ్‌కి వెళ్లాడు. "అక్కడేం పనండీ మీకు?" అని గ్రిమ్‌షా అడిగితే గాలి బాగుందన్నాడు.

ఆ వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం అతను రైలెక్కి నేతమిల్లుల ఊరికి వెళ్లాడు. తలుపు తీసింది ఆర్మరాడ్ భార్య నెల్లీ. మిల్లు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, జుట్టులో దూది పోగులున్నాయి.

"పత్రికలో ఫోటో కంటే సన్నగా ఉన్నారే" అంది. "రండి. పెరట్లో ఉన్నాడు. మిమ్మల్ని చూసి సంతోషిస్తాడని మాత్రం చెప్పలేను."

ఆర్మరాడ్ కుడిచేత్తో పెరటి తలుపుకి రంగు వేస్తున్నాడు. ఎడమచేతికి కట్టు ఉంది. ఆస్ట్లీ వేలెలా ఉందని అడిగాడు. అతుక్కుందిగానీ వంగడం లేదన్నాడు అతను. నెల్లీ టీ తెచ్చి, ఇంట్లోకి వెళ్లకుండా గడపలోనే నిలబడింది.

"ఆ రోజు మీరు ఊరుకున్నా వాన ఆగేది కాదు కదా" అంది ఆమె. "ఏం చేసినా ఎవరూ గెలిచేవాళ్లు కారు. మా ఆయనకి మాత్రం తొమ్మిది వికెట్లుండేవి."

"నెల్లీ" అన్నాడు ఆర్మరాడ్.

"ఏం, అబద్ధమా?"

"వాన సంగతి ఆయనకి ముందే తెలుస్తుందా? కెప్టెన్ అన్నాక ఏదో ఒకటి అనుకోవాలి. బ్యాటింగ్‌కి పంపడం కూడా సబబే. ఇంకెవడైనా అయితే ఐదుగురు పోయేవాళ్లు." కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి ఆస్ట్లీ వైపు తిరిగాడు. "వాటికి నాకు కోపం లేదండీ. ఒక్కటే అడుగుతాను. గారటీ క్యాచ్. జారిందా, వదిలేశారా?"

దారి పొడుగునా ఆస్ట్లీ దీనికి జవాబు కూర్చుకుంటూనే వచ్చాడు.

"నాకు తెలీదు" అన్నాడు.

"చేతులు మీవే కదండీ."

"అయినా తెలీదు ఆర్మరాడ్‌గారూ."

ఆ 'గారూ' విని ఆర్మరాడ్ కనుబొమ్మలు ఎత్తాడు. కుంచె మళ్లీ అందుకున్నాడు. "ఆలోచించుకుని చెప్పండి. నాకేం తొందర లేదు" అని తలుపు వైపు తిరిగాడు.

నెలన్నర తర్వాత, జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లే ఓడలో, ఎర్రసముద్రం దాటిన రోజు పొద్దున్న ఆస్ట్లీ డెక్ మీద కూర్చుని ఉత్తరం రాశాడు. ముందు రాసిన మూడూ చింపేశాడు. నాలుగోదానిలో ఒకే వాక్యం ఉంది: 'వదిలేశాను.' రాశాక కూడా అది నిజమో కాదో అతనికి పూర్తిగా నమ్మకం కుదరలేదు. కానీ ఎవరో ఒకరు ఆ తప్పు మొయ్యాలి, అది తనే మొయ్యాలనిపించింది. తర్వాతి రేవులో పోస్టు చేశాడు.

జవాబు నెల్లీ రాసింది, అడిలైడ్‌కి చేరింది. వేలు ఇంకా వంగడం లేదని, పక్కవేలితో బంతి తిప్పడం గోడకేసి సాధన చేస్తున్నాడని, మీ ఉత్తరం చదివి 'ఇప్పుడు సరే' అని ఊరుకున్నాడని రాసింది. మరుసటి వేసవిలో ఆర్మరాడ్ ఆ కొత్త పట్టుతోనే కౌంటీకి ఎనభై ఒక్క వికెట్లు తీశాడు. టెస్టుకి మాత్రం అతన్ని మళ్లీ ఎవరూ పిలవలేదు.