పడ్డాననే రాయండి

పదకొండేళ్లు ఆమె టవర్ క్రేన్ నడిపింది. సైటులో అందరూ క్రేనమ్మ అనే పిలిచేవారు. ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా ఎడమ చెవిలో హోరు మొదలైంది. క్షణాల్లో గది గిర్రున తిరిగి, ఆమె బల్ల కింద పడింది. లోపలి చెవిలో నీరు పెరిగే జబ్బన్నారు డాక్టరు. మర్నాటి నుంచి క్రేన్ ఎక్కనివ్వలేదు.

ఆ జబ్బుకి కొత్త పరికరాన్ని పరీక్షిస్తున్నారని తెలియగానే ముందుగా పేరిచ్చింది. కర్ణభేరికి సన్నని గొట్టం అమర్చారు. పరికరాన్ని రోజుకు మూడుసార్లు చెవికి ఆనించుకుంటే, అది గాలిని మెల్లగా లోపలికి నెడుతుంది. కళ్లు తిరిగిన ప్రతిసారీ నోటుబుక్కులో రాయాలి.

"నిజంగా తగ్గుతుందంటావా?" అంది అక్క.

"తగ్గక చస్తుందా? నా మొండితనం దానికింకా తెలీదు."

మొదటి నెల హాయిగా గడిచింది. రెండో నెలలో మూడుసార్లు పడింది. ఒకసారి స్నానాలగది గుమ్మంలో పడి, అక్క వచ్చేవరకూ నేలను రెండు చేతులతో పట్టుకునే ఉంది. అన్నీ రాసింది.

నాలుగో నెల ఆసుపత్రికి వెళ్లేసరికి, డాక్టరు గదిలో పరికరం తయారుచేసిన కంపెనీ మనిషి ఒక్కడే ఉన్నాడు. నోటుబుక్కు తీసుకుని తిరగేశాడు.

"పడ్డానని రాసిన ఈ మూడూ 'కొంచెం తూలాను' అని మార్చేద్దామమ్మా. ఇది పనిచేస్తుందని తేలితేనే కదా అందరికీ అందేది? మీరూ మళ్లీ క్రేన్ ఎక్కొచ్చు."

ఆ చివరి మాట గుండెలో గుచ్చుకుంది.

"తూలలేదు బాబూ, పడ్డాను. గంటన్నర లేవలేకపోయాను. రేపు మీ మాట నమ్మి ఎవరో క్రేన్ ఎక్కి, కిందివాళ్ల మీద ఇనుప కడ్డీలు వదిలేస్తే అప్పుడేం రాస్తారు? కొంచెం జారాయనా?"

"ఇలాగైతే మిమ్మల్ని పరీక్షలోంచి తీసేయాల్సొస్తుంది."

"తీసెయ్యండి, చూస్తాను!"

నోటుబుక్కు లాక్కుని డాక్టరు వచ్చేదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ కంపెనీ మనిషి ఎదుటే జరిగిందంతా చెప్పింది. డాక్టరు అక్కడికక్కడే ఫిర్యాదు రాయించుకున్నారు. ఆ మనిషి మళ్లీ ఆసుపత్రిలో కనబడలేదు.

ఆరు నెలలయ్యాక ఫలితం చెప్పారు. పరికరం వల్ల చాలామందికి చెప్పుకోదగ్గ గుణమేమీ లేదు. ఆమెకూ లేదు. ఇంటికొచ్చాక అక్క కళ్లు తుడుచుకుంది.

"ఏడుస్తావెందుకక్కా? ఇంజెక్షన్లతో ఇంకో పరీక్ష పెడుతున్నారట. పేరిచ్చేసి వచ్చాను."

మర్నాడు సైటు ఆఫీసుకి వెళ్లింది. ఇంజనీరు ఫైళ్ల పని ఇస్తానన్నాడు.

"ఫైళ్లు మీరే చూసుకోండి సార్. ఎక్కనివ్వకపోతే మానె, నేర్పనివ్వండి. ఇక్కడ నాకంటే బాగా తెలిసినవాళ్లెవరో చెప్పండి, వెళ్లిపోతాను."

అతను తల గోక్కున్నాడు. శిక్షణ ఇచ్చేవాళ్ల జాబితాలో ఆమె పేరు రాసుకున్నాడు. సోమవారం ఉదయం శిక్షణ గదిలో ఇద్దరు కొత్త ఆడపిల్లలు ఆమె ముందు కూర్చున్నారు.