రెండో పాదం

పొద్దున్నే పొయ్యి రాజేశాక హన్నా విట్లమ్ గోడకి వేలాడే పంది డొక్క కింద నిలబడి, ఇవాళ దుప్పట్లు ఉతకనా వద్దా అని అడిగేది. ఉప్పులో ఊరి ఆరిన ఆ డొక్క కాసేపు చెమర్చి, పోయిన అత్తగారు కెజయా గొంతుతో పలికేది:

"పొగ నేల పాకెనా, గడ్డి ఇంట దాచుకో,
కాకి ఒంటికాలెక్కెనా, గొడుగు చేత పట్టుకో."

హన్నా కిటికీలోంచి పొగ చూసి, చెక్క బల్లని వేలితో మూడుసార్లు తట్టేది. తట్టాక ఇక తిరుగులేదు. ఉతకొద్దంటే ఉతకొద్దంతే.

డొక్క పలికిన ఒక్కో పాదానికీ ఒక కొవ్వు చుక్క నేలమీద రాలేది. తుడిచేది కూతురు తిర్జా. ఎంత బూడిద వేసి తోమినా ఆ జిడ్డు ఆమె మోచేతుల దాకా పాకి, దిండుకీ జుట్టుకీ అంటుకునేది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ముక్కులో ఉన్నది ఒకటే వాసన: పాతబడ్డ కొవ్వూ, నానమ్మా.

మార్ల్‌బీ ఊళ్ళో దీనికి వింతపడ్డవాళ్ళు లేరు. ముసలమ్మ పోయినప్పటినుంచీ ఏటేటా కొత్త డొక్కలోకి మారుతోంది. బంగాళాదుంపలు ఎప్పుడు నాటాలో, పుట్టిన బిడ్డకి గోళ్ళు ఏ రోజు తియ్యాలో అడగడానికి అందరూ బురద కాళ్ళతో వచ్చేవాళ్ళు. ఒక్కోసారి అడక్కుండానే అది ఇలాంటివీ పాడేది:

"రొట్టె మాడ్చే పెళ్ళానికీ, మంద తప్పే గొర్రెకీ
ఒక్కటే మందున్నది, తలుపు వెనక మూలకి."

తలుపు వెనక మూలలో ఉండేది కర్ర. మగవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆడవాళ్ళూ నవ్వేవాళ్ళు, తిర్జాకి అదే ఎక్కువ రోత.

నవంబరులో పంది కొయ్యడానికి ఓబెద్ క్లే వచ్చాడు. భార్య పోయి రెండేళ్ళయింది. వెడల్పాటి మనిషి. మరిగే నీళ్ళు పోసి వెంట్రుకలు గీకేటప్పుడు ఈల వేస్తాడు. గోళ్ళ కింద ఎప్పటి రక్తమో నల్లగా గడ్డకట్టి ఉంటుంది, ఆ చేత్తోనే రొట్టె విరుచుకు తింటాడు. పంది రెండు ముక్కలయ్యాక, ఏటా అడిగేదే అడిగాడు.

"ఇంట్లో ఎవరూ ముట్టులో లేరుగా? ఉప్పు రుద్దేవాళ్ళు శుభ్రంగా ఉండాలి. లేకపోతే మాంసం కుళ్ళిపోద్ది."

"ఎవరూ లేరు," అంది హన్నా. ఆమె చేతి బొటనవేలికి గోరుచుట్టు. రుద్దాల్సింది తిర్జానే.

తిర్జాకి ఆ ఉదయమే వచ్చింది. చెబితే అతను అడ్డంగా తలూపుతాడు, పక్కింటి మిసెస్ డ్రూరీని పిలిపిస్తారు, సాయంత్రానికి ఊరందరికీ తన గుడ్డల సంగతి తెలుస్తుంది. అందుకని గౌను చేతులు పైకి మడిచి, రాతి తొట్టిలో ఆ చల్లటి, జారే కండని పొర్లించి పొర్లించి ఉప్పు రుద్దింది. ఓబెద్ ఆమె చేతులకేసే చూస్తూ నిలబడ్డాడు.

"మంచి బలమైన చేతులు," అన్నాడు హన్నాతో, సంతలో దూడని మెచ్చుకున్నట్టు. "డొక్క గోడెక్కిన రోజు వస్తాను. ముసలమ్మనే అడుగుదాం."

ఆ రాత్రి తిర్జా తల్లితో అంది. "అమ్మా, నాకతను వద్దు. దగ్గరికొస్తేనే వాంతి వస్తోంది."

"నాకు మాత్రం మీ నాన్న వాసన నచ్చిందనుకున్నావా? అలవాటవుతుంది. ఆయనింట్లో ఏడాది పొడుగునా మాంసమే."

"అందుకే వద్దంటున్నా."

"నానమ్మ ఏమంటే అదే. నా చేతుల్లో ఏముందే?"

క్రిస్మస్‌కి ముందు ఆదివారం కొత్త డొక్క గోడెక్కింది. కుళ్ళలేదు. గులాబీ రంగులో నిగనిగలాడుతోంది. ఓబెద్ తల దువ్వుకుని వచ్చి, హన్నా కొత్త డొక్కలోంచి కోసిచ్చిన ముక్క తిని, టోపీ మోకాలిమీద పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళిమాట పుడుతుందంటే రాకుండా ఉండలేని మిసెస్ డ్రూరీ కూడా వచ్చింది.

"అత్తయ్యా," అంది హన్నా, "తిర్జాని ఓబెద్‌కి ఇవ్వమంటారా?"

డొక్క చెమర్చింది.

"కత్తి పట్టే మొనగాడి ఇంట పొయ్యి ఆరదు..."

ఓబెద్ పళ్ళన్నీ బయటపెట్టాడు. హన్నా వేలు బల్ల మీదికెళ్ళింది. కానీ రెండో పాదం రాలేదు. ఒక చుక్క రాలింది, రెండోది అంచున వేలాడింది. పాదమొక్కటే పలికితే మాట కాదని ఆ ఊళ్ళో చంటిపిల్లకైనా తెలుసు.

"ముసలమ్మకి మతి పోయిందా ఏంటి?" అంది మిసెస్ డ్రూరీ.

హన్నా మెల్లగా కూతురివైపు తిరిగింది. "ఏమే, ఉప్పు రుద్దిన రోజు నువ్వు..."

"అవును. ముట్టులోనే ఉన్నాను. రెండు చేతులతో రుద్దాను."

ఓబెద్ కుర్చీ వెనక్కి జరిగింది. "ఛీ!" అన్నాడు. ఇందాక తిన్న ముక్క గుర్తొచ్చి కాబోలు, నల్లటి గోళ్ళ చేత్తో నోరు తుడుచుకున్నాడు. తుడిచి ఆ చేతిని తొడకి రాసుకున్నాడు.

తిర్జా చూపు ఆ చేతి మీదే ఆగింది. తలెత్తి డొక్కని చూసింది. అది మాట్లాడేటట్టు లేదు, వింటున్నట్టుంది. వాంతి వస్తుందని నోరు తెరిస్తే మాట వచ్చింది.

"...మనసు లేని ఆడదాని చేతి రొట్టె పొంగదు."

రెండో చుక్క రాలింది.

హన్నా వేలు బల్ల మీదే ఉంది. ఆమె కూతుర్ని చూసింది, ఓబెద్‌ని చూసింది. ఇరవయ్యేళ్ళుగా తను చేసిన గట్టి రొట్టెలన్నీ గుర్తొచ్చాయేమో, గోరుచుట్టు మానని ఆ వేలితోనే మూడుసార్లు తట్టింది.

"మాట వచ్చేసింది, ఓబెద్," అంది.

అతను టోపీ తీసుకున్నాడు. వెళ్ళేటప్పుడు తలుపు కూడా వెయ్యలేదు.

అప్పటినుంచీ ఆ డొక్క ఒక్క పాదమే చెబుతోంది. రెండోది చెప్పమని తిర్జా చుట్టూ చేరుతున్నారు. అవే బురద కాళ్ళు. వాళ్ళని చూస్తే ఆమెకి ఇప్పటికీ రోతే. మొదట వచ్చింది మిసెస్ డ్రూరీయే.

"మా ఎల్లెన్‌ని ఆ సారా దుకాణంవాడు అడుగుతున్నాడే. మీ నానమ్మ 'నిండిన పీపా ఉన్న ఇల్లు' అని ఆపేసింది. తర్వాతది నువ్వు చెప్పు తల్లీ."

"ఎల్లెన్ ఏమంటోంది?"

"ఎల్లెనా?" మిసెస్ డ్రూరీ తెల్లబోయింది. "దాన్నెవరడిగారు?"

తిర్జా నేల తుడిచే గుడ్డని బకెట్లో పిండింది.

"వెళ్ళి అడిగి రండి. అప్పుడు చెబుతాను."