కారెక్కిన పెరుగు

అనంతమ్మ మనసు వెన్న, నోటికి మాత్రం మూత లేదు. తొండుపల్లిలో ఆమె తోడేసిన పెరుగుకు వంక పెట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. అత్తాపూర్ నుంచి జ్ఞానప్రసూనాంబగారు వచ్చి, కూతురు సాహితి పెళ్ళికి నూట ఇరవై మట్టి ముంతల్లో గడ్డపెరుగు కావాలని అడిగితే, సరేనని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

"పెండ్లినాడు మీ పట్టుచీర మీదనే ముంత బోర్లిస్తనమ్మా. చుక్క పడితే మళ్ల మీకు నా మొఖం చూపియ్య."

ఆవిడ వెళ్ళిపోయాక గాని అసలు సంగతి తట్టలేదు. పెరుగు తోడుకునేది తొండుపల్లిలో, పెళ్ళి జరిగేది శంషాబాద్ అవతలి ఫంక్షన్ హాల్లో. నడుమ తొమ్మిది స్పీడ్ బ్రేకర్లు. భర్త పెంటయ్య మోపెడ్ మీద పది ముంతలు పడితే గొప్ప. ఆటోలో వేస్తే దిగేసరికి మజ్జిగే. అక్కడే తోడేద్దామంటే హాలు తాళాలు ఇచ్చేది పెళ్ళినాటి పొద్దున. ఇక మిగిలింది కొడుకు మధు కారు.

మధుకు కారంటే పిచ్చి. అది నేలకు ఆనినట్టు కనబడాలని ఉన్న స్ప్రింగులు పీకించి పొట్టివి వేయించాడు. పక్క సందులో సగం ధరకు దొరికేదానికి పేరున్న కొట్టుకు పోవడమెందుకన్నది అతని వాదం. అతని స్నేహితుడు కార్తీక్, అంటే పెళ్ళికూతురి అన్న, దీనికి పూర్తిగా ఎదురు. డబ్బా మీద విదేశీ అక్షరాలు లేని వస్తువును తన కారు దరిదాపులకు రానివ్వడు. ఇద్దరూ శంషాబాద్‌లో ఒకే షెడ్డులో ఒకే వారం స్ప్రింగులు మార్పించారు. చవకవి మేలా, ఖరీదైనవి మేలా అని ఆనాటి నుంచి రోజూ పంచాయితీ.

పెళ్ళి మూడు రోజులుందనగా అనంతమ్మ నాలుగు ముంతలతో మధు కారెక్కింది. మొదటి స్పీడ్ బ్రేకర్‌కే ఆమె తల పైకప్పుకు కొట్టుకుంది, పెరుగు గడ్డ చెదిరి నీళ్ళు తేలాయి. చూడ్డానికి వచ్చిన కార్తీక్ నవ్వుకుంటూ ఆమెను ఎక్కించుకుని తన కారు తీశాడు. రెండో స్పీడ్ బ్రేకర్‌కు అందులోనూ అదే కథ. కార్తీక్ నవ్వు ఆగి మధు నవ్వు మొదలైంది.

అనంతమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న పేరు నలుగురిలో పోయేలా ఉంది. నోరు జారినందుకు తనను తానే తిట్టుకుంది.

కార్తీక్ బానెట్ ఎత్తి దిగాలుగా నిలబడితే, పక్క నుంచి తొంగిచూసిన ఆమెకు లోపల గుండ్రటి బిళ్ళ ఒకటి కనబడింది. ఏందది అని అడిగింది. స్ప్రింగుల ఊపును తిప్పి బిగించడానికీ వదులు చేయడానికీ నాలుగు చక్రాల దగ్గరా అలాంటివే ఉన్నాయన్నాడు. మొత్తం ఇరవై నాలుగు మెట్లు. రేసు కార్లవాళ్ళు బాగా బిగిస్తారని విని, తనూ చివరి మెట్టుకు బిగించాడు. ఆ తరువాత ముట్టుకోలేదు.

"మనం పోయేది పెండ్లికి బిడ్డా, పందానికి కాదు," అంది అనంతమ్మ. "జర వదులు చెయ్యి."

పూర్తిగా వదిలేస్తే కారు ఊయలైంది, పెరుగు ముంతల అంచులు దాటింది. తోడు ఎక్కువైతే పులుపు, తక్కువైతే నీళ్ళు; అనంతమ్మకు ఇది కొత్త విద్య కాదు. నాలుగు మెట్లు బిగించమంది. మళ్ళీ కొత్త ముంతలు, మళ్ళీ తొమ్మిది స్పీడ్ బ్రేకర్లు. ఇంకో మూడు బిగించమంది. ఏడో మెట్టు దగ్గర గడ్డ చెక్కుచెదరలేదు.

కాని మలుపుల్లో ముంతలు జారి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. అప్పుడు మధు పోయి, రోడ్డు పక్కన కొన్న తన రబ్బరు మ్యాటు లాక్కొచ్చి పరిచాడు. దాని నిండా బుడిపెలే. దాన్ని కార్తీక్ ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో లెక్కలేదు. ఆ బుడిపెల నడుమ ముంతలు పీటల మీద పెళ్ళివారిలా కుదురుగా కూర్చున్నాయి. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి పోయి అలాంటివే ఇంకో నాలుగు తెచ్చారు.

పెళ్ళినాటి పొద్దున కార్తీక్ పట్టుపంచె ఎగ్గట్టి రెండు ట్రిప్పులు కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అంత మెల్లగా ఎన్నడూ నడపలేదు. వెనక హారన్లు మోగుతున్నా, ఎయిర్‌పోర్టు టాక్సీలు విసుక్కుంటూ దాటిపోతున్నా పట్టించుకోలేదు. పక్కన కూర్చున్న మధు ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ఊపిరి బిగబట్టాడు.

భోజనాల వేళ జ్ఞానప్రసూనాంబగారు కొంగు చాపి ఎదురుగా నిలబడ్డారు.

"ఏమండీ అనంతమ్మగారూ, మీరన్న మాట గుర్తుందా?"

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి.  అనంతమ్మ ముంత తీసుకుంది, జరీ కొంగు మీదికి తెచ్చింది, బోర్లించింది.

చుక్క పడలేదు. పెరుగు ముంతను కరుచుకుని అలాగే ఉండిపోయింది. హాలంతా చప్పట్లు. అనంతమ్మకు పట్టరాని సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంత దూరం ఎవరి కారులో తెచ్చారని జ్ఞానప్రసూనాంబగారు ఆశ్చర్యంగా అడిగారు. కార్తీక్, మధు ఒకేసారి నోరు తెరిచారు.

"ఒకని స్ప్రింగు, ఒకని మ్యాటు," అంది అనంతమ్మ, ముంతను ఇంకా తలకిందులుగానే పట్టుకుని. "గడ్డ మాత్రం నా బర్రెది."