వినీ వదిలేసిన చప్పుడు

ఆ అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేసే ఆమెను అందరూ డాక్టరమ్మ అనేవారు. మోటారు దగ్గర చెవి పెట్టి రోగం ఇట్టే పట్టేసేది. ఆ పిలుపంటే ఆమెకు లోలోపల మహా గర్వం.

ఒక ఉదయం లిఫ్టు బ్రేకు దగ్గర సన్నగా గీరుతున్న చప్పుడు వినబడింది. ఇంకో చోటికి వెళ్లే తొందరలో ఉంది. సాయంత్రం చూద్దాంలే అనుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం బ్రేకు పట్టక లిఫ్టు జారింది. లోపలున్న నాలుగో అంతస్తు దర్జీకి కాలు విరిగింది.

బ్రేకులో వేసిన సరుకే నాసిరకమనీ, ఆమె తప్పేమీ లేదనీ విచారణలో తేల్చారు. అయినా ఆమె పని మానేసి ఇంట్లో కూర్చుంది.

"వాళ్లే నీ తప్పు లేదన్నాక నీకెందుకే ఈ బాధ?" అంది తల్లి.

"ఆ చప్పుడు విన్నది నేను కదమ్మా, వాళ్లు కాదు."

ఉండబట్టలేక ఒకరోజు దర్జీ ఇంటికి వెళ్లింది. నిలబడే, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన కుట్టుమిషను ఆపి ఆమె వైపు తిరిగాడు.

"క్షమించమంటావా?"

"లేదు బాబాయ్. మీకు తెలియాలని వచ్చాను. అందుకే పని కూడా మానేశాను."

"నాకు కోపం పోలేదమ్మాయ్. పోతుందని మాటా ఇవ్వను. కానీ నువ్వు పని మానేస్తే నాకేం ఒరిగింది? తీర్పు నువ్వే చెప్పుకున్నావు, శిక్షా నువ్వే వేసుకున్నావు. లిఫ్టు ఇంకా బాగవక, మెట్లెక్కలేక ఇంట్లో పడి ఉన్నది మాత్రం నేను."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పశ్చాత్తాపం అనుకున్నదాంట్లో సగం తన పేరు పోయిందన్న బెంగేనని ఆ మెట్లు దిగుతూ ఒప్పుకుంది.

మర్నాడు ఆఫీసులో అంతా చెప్పి, చివాట్లు తిని, అదే లిఫ్టు పని అడిగి తీసుకుంది. ఎవరెంత తొందరపెట్టినా వినలేదు. తనకు నమ్మకం కుదిరాకే స్విచ్చి వేసింది. ముందు తనొక్కతే ఎక్కి పైదాకా వెళ్లి వచ్చింది. తలుపు తెరుచుకునేసరికి కొడుకు భుజం ఆసరాతో కిందికి దిగివచ్చిన దర్జీ ఎదురుగా ఉన్నాడు.

"ఇంకోసారి వెళ్లిరా."

వెళ్లివచ్చింది.

"మళ్లీ."

మళ్లీ వెళ్లివచ్చింది. ఆయన కుంటుకుంటూ లోపలికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"నాలుగు నొక్కు," అన్నాడు.

ఆమె తలెత్తుకుని నొక్కింది.