ఐన్‌స్టీన్ కాసు

వెంకటేశ్వరమ్మ చేసిన పని చిన్నదే. తేనెలో ముంచిన బంగారు కాసుతో మనవడి నాలుక మీద నాలుగు అక్షరాలు రాసింది. కాసు మాత్రం ఏమంత పెద్దదని, చొక్కా గుండీ అంత. దాని మీద చింపిరి జుట్టు ఐన్‌స్టీన్ బొమ్మ. ఒంగోలు కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కూతురు మాధురికి రెండు వేల అయిదులో ఏదో పోటీలో వచ్చిన పైదేశపు నాణెం. అంత బుర్ర ఉన్నవాడి కాసు నాలుకకు తగిలితే పదకొండు నెలల వెధవకు చదువు రాకుండా ఎక్కడికి పోతుందని ఆమె ధీమా. తేనెకు కాసు జారింది. వాడు గుటుక్కున మింగేశాడు.

ఆ సంగతి ఎలా చెబుతుంది? ఇలాంటి పనులంటే మాధురి ఒంటికాలి మీద లేస్తుంది.

మాధురి ఇంటికొచ్చేసరికి వాడు చొంగ కారుస్తూ, పాలు పడితే కక్కుతూ, ఏడవడానికి గొంతు రాక ఎగరొప్పుతున్నాడు.

"జలుబు ముదిరినట్టుందమ్మా. చీమకుర్తి సెంటర్లో ఆరెంపీ డాక్టరు చేత సూది వేయిద్దాం పద," అంటూ వెంకటేశ్వరమ్మ ఆటో పిలిచింది.

గ్రానైటు లారీల వెనక ఆటో కదలనంటోంది. ఒళ్లో పిల్లవాడి పెదాలు నల్లబడుతున్నాయి. వెంకటేశ్వరమ్మ కొంగుతో వాడి చొంగ తుడిచింది. చెబితే కూతురు జన్మలో బిడ్డను తాకనివ్వదు. చెప్పకపోతే అసలు బిడ్డే దక్కడేమో. ఆరెంపీ బోర్డు కనబడగానే ఆటో పక్కకు తిరిగింది.

"ఆపొద్దు బాబూ! ఒంగోలు పోనీ!" అని అరిచింది వెంకటేశ్వరమ్మ. "జలుబు కాదే మాధురీ. నీ కాసు మింగాడు. నేనే పెట్టాను నాలిక మీద."

మాధురి తల్లి ఒళ్లోంచి బిడ్డను లాక్కుంది. ఒంగోలు దాకా తల్లికి భుజం అడ్డం పెట్టి, వాడి వీపు నిమురుతూ కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ముసలామెకు.

ఎక్స్‌రేలో గొంతు కింద గుండ్రంగా, తెల్లగా కనబడింది. డాక్టరు గొట్టం వేసి తీశాడు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాక మాధురి తల్లి వైపు తిరిగింది.

"వేలితో రాస్తే సరిపోయేది గదమ్మా. ఆ కాసే దొరికిందా నీకు?"

"బంగారంతోనే రాయాలే. నీకు నా పుస్తెతో రాశాను. తాడుకుంటది గాబట్టి జారలేదు." ఆమె చెయ్యి అలవాటుగా మెడ దగ్గరకు పోయింది. అక్కడేమీ లేదు. "మీ నాన్న పోయాక నాకేదే? నీది అడిగితే ఇస్తావా?"

 మాధురి ఏడుస్తున్న బిడ్డను తెచ్చి తల్లి ఒళ్లో పడుకోబెట్టింది.